ఐదింటి తలుపు

సాయంత్రం ఐదయింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ చేతిలోని శబ్దం కొలిచే మీటరును చూసి సంగీతం టీచరు కళ్ళెర్రజేసింది.

"నలభై రెండే, టీచరుగారూ. యాభై దాటితేనే జరిమానా."

"మీటరుకేం తెలుసు? ఎదురింటావిడ పాఠం మొదలెట్టిందంటే నా చెవులకు చిల్లులే. పదకొండు మంది పిల్లలు!"

"చూడకుండానే లెక్కపెట్టేశారే!"

"గొంతులు తెలియవా? అందులో తొమ్మిది మందికి నోరు విప్పి పాడటం నేర్పింది నేనే. ఆవిడ వచ్చిన నెలకే అందరూ అటు దూకారు."

కడుపుమంట ఎక్కడిదో సెక్రటరీకి అర్థమైంది. "పోనీ, ఆ గంటసేపు మీ తలుపు వేసుకోండి. వినపడదు" అన్నాడు మెల్లగా.

ఆమె వెనక ఖాళీ గదిలో చాపలు పరిచి ఉన్నాయి.

"ఐదింటికి తలుపు వేసుంటే, పాఠం లేదనుకుని పిల్లలు వెనక్కెళ్ళిపోరూ?"