కారే కప్పు పరీక్ష

“నాయనా, ఈ శనివారం కాక పై శనివారం నాకు పరీక్ష. నువ్వు చెయ్యేస్తేనే గట్టెక్కుతా,” అంది యోకాస్తా మొగుడితో.

రదమేస్ కాఫీ తాగడం ఆపేశాడు. బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం చేసే భార్య, మధ్యాహ్నం దాకా ట్యాక్సీ నడిపి ఆపైన కొట్టు ముందు డొమినోలాడే తనని సాయమడగడమా! మనిషి పొంగిపోయాడు.

“ఏం పరీక్ష అమ్మడూ?”

“అజైల్ అని. టీమ్‌తో పని చేయించే పద్ధతి. పాసైతే నాకో టీమ్‌ని అప్పగిస్తారు. బట్టీ కొడితే రాదు, నిజం పని మీద సాధన చెయ్యాలి. ఏదో ఒకటి... పోనీ, మీ అమ్మ గది కప్పు అనుకుందాం.”

ఆ రేకులు మూడేళ్లుగా కారుతున్నాయి. అత్తగారు దోన్యా ఫెఫా మంచం పక్కన బక్కెట్టు పెట్టుకునే పడుకుంటుంది. “రేపు ఎక్కుతానమ్మా,” అని కొడుకు అన్నప్పుడల్లా ఆకాశానికి దండం పెడుతుంది. వాయిదా వెయ్యడం అతనికి ఉగ్గుపాలతో అబ్బిన విద్య. తుపానుల కాలం మళ్లీ దగ్గరపడింది.

“సాధనకైతే సరే,” అన్నాడు.

మర్నాటికి ఫ్రిజ్ తలుపు నిండా పసుపు చీటీలు. చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. రోజూ పొద్దున్నే ఇద్దరూ వంటింట్లో నిలబడాలి. కూర్చుంటే మాటలు సాగుతాయట. నిన్నేం చేశావ్, ఇవాళేం చేస్తావ్, అడ్డంకేంటి?

“అడ్డంకా? నిచ్చెన లేదు.”

సాయంత్రానికి పక్కింటి నిచ్చెన గుమ్మంలో ఉంది. అడ్డంకులు తీసెయ్యడమే తన పని, మార్కులన్నీ దానికేనంది యోకాస్తా.

“ఎండ.”

గడ్డిటోపీ వచ్చింది.

“చిచో ఊరుకోవట్లేదు. నేను రాకపోతే డొమినోలకి జోడీ లేదంటాడు.”

మర్నాడు చిచో కూడా రేకుల మీదే ఉన్నాడు, తారు డబ్బా పట్టుకుని.

“పెళ్లాం పరీక్షకి మొగుడు చెమటోడ్చడం ఎక్కడైనా ఉందా?” అని గొణిగాడు.

“నోర్మూసుకుని మేకులందుకో. ఆవిడ పరీక్ష తప్పిందంటే నీ పేరే చెప్తా.”

రదమేస్‌కి నిజంగానే బెంగ పట్టుకుంది. తనవల్ల ఆమె ఫెయిలైతే ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి? కలలో కూడా పసుపు చీటీలే.

శుక్రవారం తనిఖీ. కస్టమర్ దోన్యా ఫెఫా. కప్పు మీద గొట్టంతో నీళ్లు కొట్టించి, తను కింద మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఓ చుక్క సరిగ్గా ముక్కు మీద పడింది.

“అవలేదు,” అంది.

ఫ్రిజ్ మీది చీటీ మళ్లీ ‘చేస్తున్నవి’లోకి వెళ్లింది. రదమేస్ మళ్లీ నిచ్చెనెక్కాడు. రెండో శుక్రవారం గొట్టం ఎంతసేపు పారినా దోన్యా ఫెఫా నోరెత్తలేదు. వెళ్లి చూస్తే గురకపెడుతోంది.

శనివారం పొద్దున భార్య కోటు అతనే ఇస్త్రీ చేశాడు. అరటికాయ ఉడికించి మెత్తగా మెదిపి పెట్టాడు. ఆమె అటు వెళ్లగానే మేరీమాత ముందు కొవ్వొత్తి వెలిగించి, డొమినోలకి కూడా వెళ్లకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు.

మధ్యాహ్నం యోకాస్తా వచ్చింది. అప్పుడే బ్యూటీ పార్లర్‌లోంచి వచ్చినట్టు జుట్టు నిగనిగలాడుతోంది.

“పాసయ్యావా?”

“అయ్యాను నాయనా! అంతా నీ చలవే.”

ఆమెని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చిచో వీధిలోంచి ఈల వేశాడు. చల్లటి బీరు కోసం మగాళ్లిద్దరూ కొట్టుకి పరిగెత్తారు.

అంతలో వాన అందుకుంది. రేకులు దడదడలాడుతున్నాయి, గదిలో ఒక్క చుక్క లేదు.

దోన్యా ఫెఫా బక్కెట్టు బోర్లించి, దానిమీద తీరిగ్గా కూర్చుని కన్నుకొట్టింది: “నిరుడు పాసైన పరీక్షే మళ్లీ పాసైతే నా గది కప్పు బాగుపడింది, మరి వంటింటి కుళాయికి ఏ పరీక్ష రాస్తావే కోడలా?”