రూతు పేరు మీద

“అమ్మ ట్యూబు మీద నా పేరు, నా ట్యూబు మీద అమ్మ పేరు. చీటీలు అటూ ఇటూ అంటించటమే గదే,” అంది రూతు గొంతు తగ్గించి.

డయానా సూది తీసి ఆమె మోచేతి మడతలో దూది పెట్టింది. “నోర్ముయ్యవే. డాక్టరమ్మకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుద్ది.”

ఇద్దరూ చల్లపల్లి దగ్గర ఒకే ఊళ్లో, ఒకే చర్చిలో పెరిగారు. పటమటలోని ఈ కీళ్ల ఆసుపత్రి ల్యాబులో డయానా చేరి రెండేళ్లయింది. రూతు ఊళ్లోనే జాకెట్లు కుడుతుంది.

రూతు తల్లి మార్త బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకు పదకొండేళ్లుగా కీళ్లవాతం. వేళ్లన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి. కిందటి ఈస్టరునాడు ప్రభువు బల్ల దగ్గర గిన్నె ఆమె చేతిలోంచి జారి, ద్రాక్షరసం పాస్టరుగారి తెల్లబట్టల మీద పడింది. అప్పట్నుంచి మార్త బల్ల దగ్గరికి లేవటం మానేసింది. అమ్మకు ఎలాగైనా మంచి మందు తేవాలని రూతు ఆ రోజే అనుకుంది.

ఆసుపత్రిలో కొత్త పరిశోధన ఒకటి మొదలైంది. అందులో చేరితే ఖరీదైన మందు రెండేళ్లపాటు ఉచితం. కాకపోతే నొప్పులు మొదలై ఏడాది దాటనివాళ్లకే. వాళ్లలోనూ, కీళ్ల మధ్యనుండే మృదులాస్థి, ఎముక దెబ్బతింటున్న గుర్తులు రక్తంలో కనపడినవాళ్లకే. మార్తను మొదటిరోజే కాదన్నారు. మామూలు రక్తపరీక్షకు మాత్రం రాసిచ్చారు. దాంతో తనకూ నొప్పులున్నాయని చెప్పి రూతు తన పేరు రాయించుకుంది.

నటించటం పెద్ద కష్టం కాలేదు. అమ్మను రోజూ చూస్తున్నదే. పొద్దున్నే పిడికిలి బిగుసుకుపోతుందని చెప్పింది. డాక్టరు పద్మావతమ్మ వేళ్ల కణుపులు నొక్కితే “అబ్బా” అంది. అంత బాగా అనగలనని తనే అనుకోలేదు.

“నీకు చిన్నప్పుడు జడలేసిన చేతులే మా అమ్మవి. ఈ ఒక్కసారికి చెయ్యవే,” అంది రూతు.

డయానా రెండు ట్యూబులనూ స్టాండులో పెట్టింది. కాసేపు వాటినే చూసింది. “నువ్వెళ్లు. నేను చూసుకుంటా.”

మూడు వారాలకు ఊళ్లోని ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది, రూతును రమ్మని. ఒక్కతే బస్సెక్కి బెంజ్ సర్కిల్ దగ్గర దిగి, గబగబా నడిచింది.

“ఎక్స్‌రేలో ఏమీ లేదమ్మా,” అంది పద్మావతమ్మ.

రూతు ముఖం వాడిపోయింది.

“రక్తం వేరే చెబుతోంది. మృదులాస్థి అరిగి, ఆ ముక్కలు రక్తంలో కలుస్తున్నాయి. ఎముక దెబ్బతినటం కూడా మొదలైంది. ఇది ఎక్స్‌రేలో కనపడాలంటే ఇంకా చాలాకాలం పడుతుంది. నువ్వు ముందే దొరికావు.”

“అయితే నన్ను తీసుకున్నట్టేనాండీ?”

“తీసుకున్నాం. ఏంటమ్మా, నవ్వుతున్నావు? ఈ మాట చెబితే నవ్వినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను.”

“మందు దొరికింది కదండీ.”

సంతకాలు పెట్టి, మందు డబ్బా తీసుకుని రూతు ల్యాబుకు పరుగెత్తింది. డయానా కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది.

“మొత్తానికి సాధించావే. రాత్రికే అమ్మకి మొదటి మాత్ర వేసేస్తా.”

“మీ అమ్మకి వెయ్యబాక.”

“ఏం, ఇప్పుడు భయమేస్తందా? నేనెవరికి చెప్తానే, పిచ్చిమొహమా.”

డయానా ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రూతు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది, వేళ్లు నొక్కకుండా.

“ఆ రోజు నాకు ధైర్యం చాల్లేదే, రూతూ,” అంది.

“అంటే?”

“చీటీలు నేను మార్చలేదు.”