కర్రకొంగ

“కదలకు నాన్నా!” అంటూ బైనాక్యులర్ సర్దుకున్నాను. రెల్లులో మెడ నిక్కించి, తానూ ఒక రెల్లు కాడలాగే నిలబడి ఉంది గోధుమరంగు కొంగ.

పుస్తకంలో బొమ్మతో పోల్చాను. అదే. చాలా అరుదు.

పక్షుల సర్వేకి ఇదే ఆఖరి రోజు. అరుదైన పక్షి ఒక్కటైనా జాబితాకెక్కకపోతే ఈ చిత్తడినేల పూడ్చేస్తారు. నాన్న రెల్లు కోసుకు బతికేది ఇక్కడే. పది రోజులు బురదలో తిరిగి నా కాళ్లు పుళ్లు పడ్డాయి.

“దీనికోసమా ఇన్నాళ్లూ తిరిగింది? ఇది కర్రకొంగ. ఏటా వస్తుంది. గూడు పెడుతుందని ఆ మూల నేను కొడవలే పెట్టను.”

“మరి చెప్పవేం?”

“అరుదైన పిట్టలున్నాయా అనడిగావు. ఏటా చూసేది అరుదని నాకేం తెలుసమ్మా? చదువుకున్నదానివి, నీకు తెలిసే ఉంటుందిలే అనుకున్నా.”

గట్టుమీద కూలబడ్డాను. పది రోజులూ ఆయనచేత సంచి మోయించానే తప్ప, ఒక్క బొమ్మ చూపించలేదు.

ఫారం తీసి, ‘గుర్తించినవారు’ అన్నచోట ముందే రాసుకున్న నా పేరు కొట్టేసి నాన్న పేరు రాశాను. దాని కింద ‘అర్హత’ అని ఉంది.

“ఎన్నేళ్లుగా కోస్తున్నావు నాన్నా ఇక్కడ?”

“నువ్వు పుట్టకముందు నుంచీ. ముప్పై ఉంటాయేమో. ఎందుకూ?”

‘రెల్లు కోత, ముప్పై ఏళ్లు’ అని రాశాను.