సంగటి గోలీలు

సెల్‌ఫోన్‌లో అలారం మోగింది.

బెంచీ చివర కూర్చున్న మనిషి దాన్ని ఆపి, స్టీలు డబ్బా మూత తీశాడు.

లోపల రాగిసంగటి. గోలీకాయలంత ఉండలు చేసి పేర్చి ఉంది.

ఒక ఉండ నోట్లో వేసుకుని నమలసాగాడు. నమిలి, నమిలి, ఎప్పటికో మింగి, ఇంకొకటి తీశాడు.

నాగక్కకు ఒళ్లు మండింది.

తొలి రైలుకు ధర్మవరంలో ఎక్కి, హిందూపురం ఆసుపత్రికి ఎనిమిదింటికే వచ్చారు వాళ్లు. పక్కన ఆమె మొగుడు తిప్పేస్వామి గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి మూడు సంగటి ముద్దలు ఇట్టే తినేసే మనిషి. ఆరు నెలలుగా పిడికెడు అన్నం దిగడం లేదు. కడుపులో క్యాన్సర్.

నాలుగు విడతలు మందు ఎక్కించారు. ఇక ఆపరేషన్ అన్నారు. సంతకం పెట్టనని అతను మూడు వారాలుగా మొండికేశాడు. ఇంకా జాగు చేస్తే గడ్డ మళ్లీ పెరుగుతుందట.

అలాంటి మనిషి పక్కన ఈ నమిలే చప్పుడు.

"ఏమప్పా, ఇది ఎన్నోసారి?" అంది నాగక్క.

ఆ మనిషి నవ్వాడు. "రెండోసారి అనుకుంటానక్కా."

"మూడు. నేను ఎంచుతానే ఉండా. ఆకలైతే తినేటోళ్లను చూసినా గానీ, గంట కొడితే తినేటోన్ని నిన్నే చూస్తాండా. బడిపిల్లోనివా?"

బెంచీ మీద వాళ్లంతా నవ్వారు. ఆ మనిషి కూడా నవ్వాడు. బక్కపలచటి మనిషి. యాభై దాటి ఉంటాయి. భుజం మీద కంబళి, కాళ్ల దగ్గర దాణా మూట.

"యా ఊరు నీది?"

"గుడిబండ పక్కనక్కా. గొర్లు మేపుతాను."

"గొర్లే మేలు. పొద్దుగూకితే మేసేది ఆపుతాయి."

అతను దానికీ నవ్వి, తిప్పేస్వామి వైపు వంగాడు.

"అన్నా, ఆపరేషనా? నీకొక మాట చెప్పల్లని..."

తిప్పేస్వామి కళ్లు తెరిచాడు. అతని చూపు ఆ మనిషి మీద లేదు. డబ్బాలోని సంగటి మీద ఉంది.

నాగక్క ఆ చూపు చూసింది. దుఃఖం కోపమై బయటికొచ్చింది.

"మాటా వద్దు, గీటా వద్దు! తిననీకి నోచుకోనోని ముందర కూసోని మేస్తాండావే, కండ్లు లేవా నీకు? ఆ పక్కకు పో!"

ఆ మనిషి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"తప్పైందక్కా."

డబ్బా మూత గట్టిగా బిగించాడు. మూట భుజానికెత్తుకుని బయట మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి వీళ్ల వంతు వచ్చింది.

శనివారం శనివారం బెంగళూరు నుంచి వచ్చే డాక్టర్ హేమలత కాగితం మీద బొమ్మ గీసింది.

"మందుతో గడ్డ బాగా తగ్గింది. చేస్తే ఇప్పుడే చేయాలి. కడుపు మొత్తం తీసేసి, అన్నం దిగే గొట్టాన్ని నేరుగా పేగుకు కలుపుతాం. కోలుకున్నాక ఇంకో నాలుగు విడతలు మందు."

"మొత్తమా?"

"మొత్తం."

తిప్పేస్వామి చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"తిన్నది యాడికి పోతాది మేడం?"

"పేగులోకి. మొదట్లో కష్టంగానే ఉంటుంది. కొంచెం కొంచెం తినాలి. ఆకలి సరిగా తెలీదు, గుర్తుపెట్టుకుని తినాలి. మానకుండా సూదులు వేయించుకోవాలి. అలా బతకొచ్చు."

"పోగు తెగితే ముడేసుకోవచ్చు మేడం. మగ్గమే పీకేస్తే యాడ నేసేది?" బొమ్మ గీసిన కాగితాన్ని పక్కకు నెట్టాడు. "కడుపు లేకుండా బతికినోన్ని ఒక్కన్ని చూపియ్యండి. ఈడనే పెడతా సంతకం."

నాగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టర్ గంట నొక్కింది.

"చూపిద్దామనే రమ్మన్నాను. పద్నాలుగేళ్ల కిందట నా చేతులతో తీశాను ఆయన కడుపు. ప్రమీలా, దేవప్పను పిలు."

నర్సు ప్రమీల తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఇప్పుడే పాయె మేడం. పొద్దున్నుంచి ఈయప్ప కోసరమే కూసోనుండె. ఈ బస్సు తప్పితే మళ్లా సాయంత్రమే అని, వచ్చే వారం వస్తానని చెప్పి పాయె." గబగబా కిటికీ దగ్గరికి వెళ్లింది. "అదో, అదో! పోతాండాడు చూడండి!"

తిప్పేస్వామి గోడ పట్టుకుని లేచాడు. కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"ఎట్ల పరిగెత్తుతాండాడో..." అన్నాడు, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

వెనక్కి తిరిగి డాక్టర్ ముందు చెయ్యి చాపాడు.

"పెన్నియ్యండి మేడం. యాడ పెట్టల్ల?"

తర్వాత నాగక్క వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"నువ్వు గూడా ఒకసారి సూడే."

నాగక్క కిటికీలోంచి తొంగి చూసింది.

కదిలిపోతున్న బస్సును పరుగున అందుకుని, దాణా మూటతో సహా ఒక్క గంతులో ఎక్కేసిన మనిషి చేతిలో, మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బా ఎండకు తళుక్కుమంది.