పదకొండు దాకా పోటు

"పదకొండు దాకా పోటు నాయనా, నీళ్లు పైకే వస్తాయి. ఆ తర్వాత కలుపుదాం" అని ఫోన్లో టైము చూపిస్తి.

అమ్మ అస్థికలేసి మూతికి గుడ్డ కట్టిన ముంత పట్టుకోని నాయన చీరాల సముద్రంలో మోకాటి లోతున నిలబడినాడు.

"సముద్రానికి టైము చెప్పేంతదానివైతివా? మన కుందూ ఏట్లో ఏసింది ఎప్పుడన్నా వెనక్కొచ్చిందా? మీయమ్మ కోసం ఇంగో గంట కాచుకోవాల్నా?" అని ముంత విసిరేసినాడు.

ఆళ్లగడ్డలో ఆయన మాటకు ఎదురులేదు. అల మాత్రం ముంతను తెచ్చి ఆయన కాళ్లకాడే పడేసింది. మళ్లా విసిరినాడు. మళ్లా వచ్చింది.

"ఏందీ పీడ!" అన్యాడు.

ముప్పై ఏండ్లు "పో బయటికి" అని తోసినప్పుడల్లా అమ్మ ఇట్లనే తిరిగొచ్చింది, ఈ కాళ్లకాడికే.

ముంత నేను ఎత్తుకుంటి.

"పదకొండు కానీ నాయనా. ఈతూరి వెనక్కి రానియ్యను."