నూనె లేని తల

“నూనె తప్ప ఇంకేటైనా ఉంటే సెప్పు పెద్దమ్మా,” అంది గురువమ్మ.

మంత్రసాని జగ్గమ్మ కొబ్బరినూనె గిన్నెను ఠక్కున కింద పెట్టింది. గోపాల్‌పూర్ పల్లెలో సగం మందిని భూమ్మీదకు దించిన చెయ్యి అది. కాదంటే దానికి కోపం.

“ముట్లుడిగినాక ఆడదానికి లోపల తడారిపోతాది. ఆవుదం రాస్తే మండుతాది. నెయ్యి రాస్తే సీమలు పడతాయి. బరంపురం గేట్ బజార్‌లో డబ్బాల్లో అమ్మే తెల్ల మైనం దొరసానులకి గానీ మనకెందుకే? మనకి కొబ్బరినూనే మందు. అది వద్దంటే నానేటి సెయ్యను?”

“మా యింటోడు యేటకెల్లాడు గదా.”

జగ్గమ్మ గిన్నెను పక్కకు జరిపింది. మగవాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంట్లో పెళ్లాం జిడ్డు ముట్టకూడదు. ఇక్కడ ఆమె చెయ్యి జారితే అక్కడ అతని పట్టు జారుతుందని ఆ పల్లెలో నమ్మకం. తలకు రాయరు, ఒంటికి రాయరు, కూరకు తాలింపైనా పెట్టరు.

“ఆడు ఒడ్డునున్నప్పుడే రాసుకో.”

“నొప్పికి ఆడు ఒడ్డునున్నాడో నేడో తెలస్తాదేటి?”

రెండేళ్లుగా గురువమ్మ పడుతున్న బాధ పగవాళ్లకు కూడా వద్దు. చేపల గంప నెత్తిన పెట్టుకుని బరంపురం నడుస్తుంటే అడుగడుక్కీ ఇసక రాసినట్టుండేది. మొగుడు మసేను దగ్గరకొస్తే కొంగు పళ్ల మధ్య బిగించుకునేది. తనంటే ఆమెకు అసహ్యమనుకున్నాడు అతను. ఒక్క మాటనకుండా చాప చంకన పెట్టుకుని పోయి, పడవ పక్కన ఇసకలో పడుకోవడం మొదలుపెట్టాడు. నోరు తెరిచి చెప్పుకుందామంటే అది మొగుడితో అనే మాటా? అసలు నొప్పికన్నా ఆ ఖాళీ చోటే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

జగ్గమ్మ గొణుక్కుంటూనే పెరట్లోకి పోయి కలబంద మట్ట కోసుకొచ్చింది. పచ్చటి పసరంతా కారేదాకా నిలబెట్టి, చెక్కు తీసి, గుజ్జును ఏడు నీళ్లలో కడిగింది.

“ఇదిగో. ఇది గింజలోంచి రానేదు, పాలలోంచి రానేదు. ఒట్టి నీరు. ఇది నూనె ఎలగవుతాది?”

గురువమ్మ దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూసింది. “జారతంది గదా పెద్దమ్మా.”

“జారకపోతే మందెలగవుతాదే?”

ఆకు పొట్లం కొంగున దాచుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అత్త మంగమ్మ కూర్చునుంది. నలభై ఏళ్ల కిందట ఆవిడ మొగుణ్ణి సముద్రం తీసుకుంది. మంగమ్మ దొంగచాటుగా తలకు నూనె రాసుకుందని ఊరంతా అంది. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. కొడుకు పెళ్లైన దగ్గర్నుంచీ, వాడు పడవెక్కిన ప్రతి పొద్దూ కోడలి తలమీద అరచెయ్యి వేసి రుద్ది చూస్తుంది. ఆ వేళ కూడా చూసింది. జుట్టు పొడిగా ఉంది.

“ఎల్లు. జాగర్త. నా బతుకు నీకొద్దు,” అంది ఎప్పటిలాగే.

గురువమ్మ తడికె చాటుకు పోయి గుజ్జు రాసుకుంది. ఉప్పుచేపల గంప నెత్తికెత్తుకుని బరంపురం బయల్దేరింది. ఎన్నాళ్లకో కాళ్లు హాయిగా కదిలాయి. గేట్ బజార్ చేరేదాకా ఒక్కచోటా ఆగలేదు. నడుస్తూనే నిశ్చయించుకుంది, సిగ్గు లేదు ఎగ్గు లేదు, ఈ రాత్రి మసేనుకు అంతా చెప్పేస్తుంది. అసహ్యం కాదయ్యా, నొప్పి అని చెబుతుంది. చేపలు అమ్ముడైపోగానే ఇద్దరికి సరిపోయేంత వెడల్పు చాప ఒకటి కొంది.

పొద్దు వాలుతుండగా ఊళ్లోకొస్తే ఒడ్డున జనం. దూరంగా బర్మా పోయే రంగం స్టీమరు లంగరేసి ఉంది. జనం మధ్య మసేనుతో పడవెక్కే జోడీ పైడన్న తడిబట్టలతో కూలబడి ఉన్నాడు. ఆమెను చూసి తల దించుకున్నాడు.

“ఒడ్డు కనిపిస్తానే ఉంది వదినా. అల పడవని తిరగేసీసింది. అన్న అంచు పట్టుకున్నాడు. నాను సూస్తానే ఉన్నాను.” పైడన్న తన గుప్పిట తెరిచి చూపించాడు. “సెయ్యి జారిపోనాది.”

చీకటి పడకముందే కెరటాలు మసేనును తెచ్చి ఇసకలో వదిలాయి. అప్పటికప్పుడు ఇంకేమీ దొరక్క ఆ కొత్త చాపమీదే పడుకోబెట్టారు. సగం చాప ఖాళీగా మిగిలిపోయింది.

గురువమ్మ ఏడవలేదు. మోకాళ్లమీద పాక్కుంటూ అత్త దగ్గరకు పోయి కుడిచెయ్యి చాపింది.

“నానే సంపేసినాను అత్తా. పొద్దున్న జిడ్డు ముట్టాను. నీకు కనపడకుండా ముట్టాను. కొట్టు.”

మంగమ్మ ఆ చెయ్యి పట్టుకుని వాసన చూసింది. వేళ్ల సందుల్లో ఇంకా కలబంద చేదు వాసన. చుట్టూ ఆడవాళ్లు ఏడుపు ఆపి వీళ్ల వైపే చూస్తున్నారు. గురువమ్మ కళ్లు మూసుకుని దెబ్బ కోసం కాచుకుంది.

దెబ్బ పడలేదు. ముసలిది ఆ చేతిని తన కొంగుకింద దాచేసి, కోడలి చెవిదగ్గరకు వంగింది.

“ఈ మాట ఎవులికీ సెప్పకు. మీ మావ పోయిన నాడు నాను నూనె ముట్టనే నేదు.”