దోమలు పట్టే మనిషి

పొద్దు గూకే వేళ గడ్డి కోసం కొట్టంలోకి వెళ్లిన లస్మవ్వ, లోపల కూర్చున్న మనిషిని చూసి కెవ్వుమంది.

ఎద్దు పక్కనే ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వట్టి కాళ్లు బారజాపుకుని, నోట్లో గాజుగొట్టం పెట్టుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు? ఎద్దును ఇప్పుకపోతందుకు అచ్చినవా?"

"దొంగను కాదు చెల్లే. మలేరియా దఫ్తరు మనిషిని. గట్టయ్య అంటరు. దోమలు పట్టెతందుకు అచ్చిన. మీ పటేలుకు చెప్పే కూసున్న."

"దోమల్ను పట్టి ఏంజేస్తవు? పులుసు వెట్టుకుంటవా?"

గట్టయ్య నవ్వాడు. తన పిక్క మీద వాలిన దోమను గొట్టంతో పీల్చి, మెల్లగా సీసాలోకి ఊదాడు.

లస్మవ్వ ఒళ్లు జలదరించింది. కూతురు అనసూర్యను ఇంట్లోకి లాక్కుపోయి గొళ్లెం పెట్టింది. మొగుడు రాయమల్లు ఆదిలాబాదులో జిన్నింగు మిల్లు పనికి పోయి ఉన్నాడు. పోయిన వానకాలం చలిజ్వరం పెద్దపిల్లను ఎత్తుకుపోయింది. అప్పటినుంచి అనసూర్య తుమ్మినా చాలు, ఆమె కళ్లకు పాడె కనపడుతుంది.

మర్నాడూ అదే వేళకు గట్టయ్య వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఆమె గడపలోంచే నిలదీసింది.

"మొదాల మీరు గోడలకు మందు కొడితె దోమలను చాటల్కెత్తి పారవోసిన. ఇప్పుడు గా మందు మీదనే దర్జాగ కూసుంటున్నయి. నీళ్లు కలిపిండ్రా ఏంది?"

"మందు అదే చెల్లే. దోమలే మారినయి."

"అలవాటువడ్డయా? మా మామకు కల్లు అలవాటైనట్టు?"

"అలవాటు కాదు. ఏ దోమా నేర్చుకోలే. మొదటిసారి కొట్టినప్పుడే ఆ మందుకు సావనియి ఏడనో ఒకటీ అరా ఉండె. పుట్టుకతోనే గట్టియి. తక్కినయన్ని సచ్చినయి, గియ్యి గుడ్లు వెట్టినయి. తల్లి గుణం పిల్లలకచ్చింది. మళ్ల కొడితిమి, మళ్ల గసొంటియే మిగిలినయి. ఇప్పుడు మీ కొట్టంల ఉన్నయి వాటి సంతానమే."

లస్మవ్వ వాకిట్లో కోళ్లవైపు చూసింది.

"మా కోళ్ల లెక్కనా? తెగులొచ్చి గంపెడు కోళ్లు పోతె ఒక్క బోడిమెడ పెట్ట మిగిలింది. మళ్ల తెగులొస్తె దాని పిల్లలు చానమట్టుకు నిలవడ్డయి."

"గంతే! నువ్వే పంతులువైతివి. మన మందే మనకు తెల్వకుంట వాటిని ఏరింది."

"మరి మేం సావాల్నా?"

"అందుకే గదా పడుతున్న. పాత మందుకు ఇయ్యి సస్తలేవని దఫ్తర్ల చూపియ్యాలె. చూపిస్తెనే కొత్త మందొస్తది. జర ఓపిక పట్టు."

ఆమె ఓపిక పట్టేలోపే ముసురు పట్టింది. వాగు పొంగింది. అనసూర్య వణకడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం గట్టయ్య వచ్చేసరికి లస్మవ్వ రోకలి పట్టుకుని కొట్టం ముందు నిలబడి ఉంది.

"నీ సీసాలల్ల దోమలే నా బిడ్డను కుట్టినయి! నడువ్ ఈడికెల్లి!"

గట్టయ్య సీసాలు కింద పెట్టాడు. అంగీ జేబులోంచి కాగితపు పొట్లం తీశాడు.

"సలిజరం గోళీలు. చేదుంటయి. బెల్లంతోని మింగియ్యి."

"విషమైతె? ముందుగాల నువ్వొకటి మింగు, చూస్త."

"నేను మింగితె పిల్లకు తక్కువవడ్తయి చెల్లే."

ఆ మాటతో ఆమె అనుమానం రెట్టింపైంది. కానీ లోపల పిల్ల పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. వాగు దాటి ఆసిఫాబాదు దవాఖానకు పోయే దారి లేదు. పోచమ్మ తల్లికి దండం పెట్టి, బెల్లంతో గోళీలు మింగించింది. మింగించాక పిల్ల రొమ్ము మీంచి చెయ్యి తీయలేదు. ఊపిరి ఆడుతోందా, ఆగిందా అన్నదే ధ్యాస.

పొట్లం ఖాళీ అయ్యేసరికి అనసూర్యకు చెమటలు పోసి జ్వరం దిగింది. "అవ్వా, ఆకలైతుంది, గట్క వెట్టు" అంది.

లస్మవ్వ వాకిట్లోకి వచ్చి ఆకాశానికి చేతులెత్తింది.

"సర్కారు సల్లగుండ! ఊరూరికి గోళీలు పంపుతున్నది!"

ఎదురైన ప్రతివాళ్లకూ అదే చెప్పింది. గట్టయ్యకు జొన్నరొట్టె పెడుతూ కూడా అదే చెప్పింది.

"పిల్ల లేచింది గదా, గది సాలు" అని గట్టయ్య మళ్లీ వట్టి కాళ్లతో దోమల మధ్య కూర్చున్నాడు.

వాన వెలిశాక తన సీసాలు తీసుకుని వాగు దాటి వెళ్లిపోయాడు.

మక్కలు కోతకొచ్చే నాటికి ఊళ్లోకి మందు కొట్టేవాళ్లు దిగారు. ఈసారి మందు కంపే వేరు. తెల్లారి గోడల కింద దోమలు నల్లగా రాలి ఉన్నాయి. ఇంటింటా ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని నవ్వుకున్నారు.

లస్మవ్వ మక్కగారెలు చేసి గిన్నెనిండా పట్టుకుని, వాళ్లలో మందు కలుపుతున్న హనుమండ్లు దగ్గరికి పరుగున పోయింది.

"తమ్మీ, గట్టయ్యన్న రాలేదా? రోకలెత్తిన మీదికి. కాళ్లు మొక్కుదామని అచ్చిన."

హనుమండ్లు మందు కలిపే కర్ర పక్కన పెట్టాడు.

"నీకు ఎరుక లేదా అక్కా? గీ మందు ఆయన పట్టిచ్చిన దోమలను చూసే పంపిండ్రు. ఆయనే లేడు. మీ ఊరికెల్లి పోయినంక సలిజరం వట్టుకుంది. దవాఖానల ఏసినా దక్కలే."

లస్మవ్వ గిన్నె కింద పెట్టింది.

"అయ్యో తమ్మీ! ఆయన తాన గోళీలుండె గదా. సర్కారు ఊరోళ్లకని పంపినయి మా బిడ్డకిచ్చి బతికిచ్చె. తనకొక్కటన్న ఉంచుకోకపాయెనా?"

హనుమండ్లు తల అడ్డంగా ఊపాడు.

"ఊరోళ్లకని ఎవలు పంపిండ్రక్కా? దోమలకు కాళ్లిచ్చి కూసునెటోనికి జరం రాకుండ ఇచ్చిన గోళీలవి, ఆయనయే."